తట్టని డబ్బా

సింహాచలమ్మ జానెడు ఇనుప కడ్డీతో గోడను తట్టి చెవి ఒగ్గింది. లీచీలు, అనాస ముక్కలు డబ్బాలకెక్కే రోజుల్లో ఈ కార్ఖానాలో ఆమె పని మూత బిగించిన డబ్బాలు తట్టి చూడడం. మంచిదైతే ఖంగుమనేది, చెడిందైతే దబ్బుమనేది. ఇరవై ఆరేళ్లు తట్టిన చేయి ఊరుకుంటుందా, ఇప్పుడు గోడల మీద పడింది. ఏక్‌బాల్‌పూర్ పేట చెమ్మకు నాని, ఒక్క గోడా ఖంగుమనదు.

కార్ఖానా మూసిన రోజు యూనియన్ నాయకుడు ఢిల్లీశ్వరరావు ఆమెను లోపల కూర్చోబెట్టాడు.

"మనిసి లోపలుంటే తాళం ఎయ్యలేరు వదినా. పదేను రోజులే."

మూసివేత మీద యూనియన్ వేసిన కేసు తేలకముందే ఆయన పోయాడు. పదిహేను రోజులు పదకొండేళ్లయ్యాయి. గేటు ఎదుటి టీ దుకాణమే ఆమెకు పొలిమేర. బడ్జ్ బడ్జ్‌లో కాపురముంటున్న కూతురు రాజకుమారి తన పురిటికి రమ్మని ఏడ్చినా కదల్లేదు. కదిలితే తాళం పడుతుంది, తోటి పనివాళ్లందరి నోట్లో మట్టి కొట్టినట్టవుతుందంది. ఆ అందరూ ఎప్పుడో తలో దారి పట్టారు. ఇంత మాట పట్టింపు మనిషికి పనికిరాదు.

నిన్న యజమాని కేసు గెలిచాడు. వారంలో భవనం కూల్చేస్తారు. ఇవాళ మధ్యాహ్నం రాజకుమారి ఆటో తెచ్చింది.

"ఏటే అమ్మా, ఇంకా ఆ గోడలేటి? లెగు, ఎల్లిపోదాం."

"ఉండవే, ఒక్క డబ్బా ఉండిపోనాది."

మూసిన రోజు సైరన్ మోగేసరికి ఆమె చేతిలో మిగిలిన లీచీ డబ్బా అది. తడితే పని అయిపోయినట్టేనని ఇన్నేళ్లూ తట్టలేదు. బల్ల కింద నుంచి తీసి, పైటకొంగుతో తుడిచి, స్టూలు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

"పురిటికి రాలేదని కోపమేటే?"

"ఉన్నాది. ఇంటికొచ్చాక తిడతాను," అంటూ రాజకుమారి పరుపుచుట్ట ఎత్తుకుని ఆటో దగ్గరకు వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి సింహాచలమ్మ తల గోడకు ఆని ఉంది. కళ్లు సగం మూసి, ఏదో వింటున్నట్టే ఉంది. పిలిచినా, కుదిపినా పలకలేదు. కడ్డీ స్టూలు కింద పడి ఉంది.

రాజకుమారి చాలాసేపు ఏడ్చింది. తరువాత కడ్డీ తీసి డబ్బాను ఒకసారి తట్టింది. చప్పుడైతే వచ్చింది. అది మంచిదో చెడిందో చెప్పడం అమ్మ ఆమెకు ఎన్నడూ నేర్పలేదు.

తల్లి ఒళ్లో ఉన్నందుకేమో, డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.