ఏపీ కొట్టేసిన ప్రోగ్రాం

"నీ నంబరు లేదు చెల్లె."

శేఖర్ కళ్లు నులుముకున్నాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బొగ్గు ఆగి, కోరుట్లలోని అతని నెట్ సెంటర్‌కి కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. ఇప్పుడూ కరెంటు లేదు. యూపీఎస్ కీచుమంటోంది.

శ్రావణి కదల్లేదు. నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఎక్కడో, ఎప్పుడో సర్కారు వెబ్ పేజీలో ఆమె దరఖాస్తు నంబరు పక్కనే ఉంటుంది. వెళ్లకపోతే ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది.

"మేడిపల్లి నుంచి సగం దూరం నడిసే అచ్చిన అన్నా. మల్లొక్కసారి సూడు."

పేజీలో వేల వరుసలు. కళ్లతో వెతికేలోగా బ్యాటరీ చస్తుంది. అందుకే శేఖర్ పైథాన్‌లో ప్రోగ్రాం రాసుకున్నాడు. అది పేజీని విడదీసి, అడిగిన నంబరున్న వరుసల్ని మాత్రమే ఏరి ఇస్తుంది. ఇవాళ ఏమీ ఇవ్వడం లేదు.

ప్రోగ్రాం తెరిచి చదివాడు. సగంలో ఆగిపోయాడు. "థూ!"

"ఏమైందన్నా?"

"మొన్న బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ కొట్టేసి టీజీ రాసినం గద. గా ఊపుల దీంట్ల గూడ ఏపీ ఉన్నకాడల్లా టీజీ చేసిన. సర్కారు పేజీల నంబర్లన్నీ ఏపీతోనే ఉంటయి."

"రాష్ట్రం ఇంకా రాలే. నీ కంప్యూటర్లకైతే అచ్చింది," అంది శ్రావణి. నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

మళ్లీ ఏపీ చేసి నడిపించాడు. జగిత్యాల. నిన్నటి తేదీ.

శ్రావణి గుమ్మం వైపు తిరిగింది.

"ఆగు. ఏరినవాట్ల మొదటిదే సూపెట్టుమని రాసిన. ఎనక ఇంకోటుందేమో."

ప్రోగ్రాంలో సున్నా అంటే మొదటి వరుస. దాన్ని చెరిపి మైనస్ ఒకటి కొట్టాడు. అంటే చిట్టచివరిది.

సిరిసిల్ల. మార్చిన తేదీ: ఇవాళే. మధ్యాహ్నం పన్నెండుకు.

తెర ఆరిపోయింది.

బస్సులు లేవు. శేఖర్ షట్టర్ దించి బైకు తీశాడు. వేములవాడ దగ్గర రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి జనం వంటావార్పు చేస్తున్నారు.

"తినిపోండ్రి తమ్మీ!"

"ఇంటర్వ్యూ ఉందే! ఇడువుండ్రి!"

ఎవరో ఒక గుండిగ పక్కకి జరిపారు. ఆ సందులోంచి బైకు దూరింది.

సిరిసిల్లలో ఆఫీసు గేటుకు తాళం. ఉద్యోగులంతా బయట టెంటు కింద కూర్చున్నారు. శేఖర్ బండి దిగి, ఖాళీ కుర్చీ కనబడగానే అందులో పడి కళ్లు మూసుకున్నాడు.

గౌరవ్వ అనే ఉద్యోగిని శ్రావణికి నీళ్ల గ్లాసు అందించింది. "ఇంటర్వ్యూకా? మేం సుత సమ్మెలనే ఉన్నం బిడ్డా. ఎవ్వలను పిలువలే. నీ నౌకరి ఏడికి పోదు, మల్ల తేదీ ఏస్తరు."

"ఎప్పుడు?"

"సమ్మె అయిపోయినంక."

"గది ఎప్పుడైపోతది?"

"తెలంగాణ అచ్చినంక."

శ్రావణి నీళ్లు తాగి, చెప్పులు విప్పి, టెంటు కింద ఆమె పక్కనే కూలబడింది.