బావమరిది సెంటూ, తల్లి పురుగూ

వాసన లేని సబ్బు కోసం ఎప్పుడైనా ఊరంతా తిరిగారా? నేను నాలుగేళ్లుగా తిరుగుతున్నాను. షాపువాళ్లు నన్ను చూస్తే షట్టరు దించేస్తున్నారు.

ఏం చేయను, నా ఉద్యోగం అలాంటిది. మొక్కజొన్న కాండం తొలిచే పురుగుల్ని పెంచుతాను. తల్లి పురుగు ఆకు వాసన చూసుకునే గుడ్లు పెడుతుంది. పక్కన ఘాటు గడ్డి ఉంటే, మా చుట్టాల్లాగే మొహం తిప్పుకుని పోతుంది. అందుకే మా గదిలో తలనూనె, పౌడరు, సెంటు నిషేధం.

మొన్న వల పంజరంలో రెండు కుండీలు పెట్టాను. ఒకదాంట్లో ఒట్టి మొక్కజొన్న, రెండోదాంట్లో మొక్కజొన్నతో పాటు ఘాటు గడ్డి. గుడ్లు ఒట్టిదాని మీద పడితే నా ఉద్యోగం పర్మనెంటు.

పొద్దున చూస్తే ఒట్టిదాని మీద సున్నా. గడ్డి పక్కదాని మీద నూట పన్నెండు.

"ఏం చేశావురా వెధవా!" అని మా ఆఫీసరు చెంప పగలగొట్టాడు. కళ్లజోడు ఎగిరి సింకులో పడింది. ఆ చేతినిండా గులాబీ సెంటు! ముందురోజు సాయంత్రం "బాగా పెరిగిందోయ్" అంటూ ఒట్టి మొక్కజొన్న ఆకులన్నీ నిమిరి వెళ్లింది ఈయనే. సెంటు కంటే గడ్డే నయమనుకున్నాయి పాపం, పురుగులు.

"సార్, మీ చేతి సెంటే..."

రెండో చెంప కూడా అయింది. నేను కుండీ ఎత్తాను. ఆయన నుదుటికి ఏడు కుట్లు. ఆయన కొరికిన నా చెవికి మూడు. ఇద్దరం పంజరం మీద పడ్డాం, గుడ్లన్నీ నుజ్జు. పురుగులు మాత్రం కిటికీలోంచి క్షేమంగా ఎగిరిపోయాయి.

సోమవారం విచారణ. తప్పు సెంటుదేనని తేలిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ సీసా ఆయనకిచ్చింది నేనే. మా బావమరిది మా పెళ్లిరోజుకి తెస్తే, పైకాగితం మార్చి ఆఫీసరు పుట్టినరోజుకి అంటగట్టాను. విచారణలో ప్రతి మాటా టైపు చేసేది ఆ బావమరిదే.

నిన్న మా ఆవిడ చెవికి కట్టు మారుస్తూ అడిగింది.

"మా తమ్ముడిచ్చిన సెంటు ఏదండీ?"

"బీరువాలో ఉందే."

"బీరువా చూశాను."

ఆవిడ చేతిలో కత్తెర ఉంది. పోయినసారి వాడిచ్చిన గడియారం ఎవరికో ఇచ్చేశానని తెలిసినప్పుడు కుర్చీ విరిగింది, నా మోచెయ్యి కూడా.

బాబ్బాబు, మీ కాళ్లు పట్టుకుంటాను. సెంటు సంగతి విచారణలో చెప్పమంటారా, మానమంటారా? సోమవారం పదిన్నరలోపు చెప్పండి. రెండో చెవి ఇంకా బాగానే ఉంది, వినబడుతుంది.