నవంబరు పదిహేను బండి

మా నాన్న ఆర్విన్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు. వచ్చే ఆగస్టు ఆఖరు దాకా బండి నడపొచ్చని, ఆ తర్వాత లైసెన్సు మీద ఆశ పెట్టుకోవద్దని కళ్ళ డాక్టరు సెప్టెంబరులో తేల్చి చెప్పేశాడు. మెట్లు దిగుతూనే నాన్న, "అయితే ఒక్క పాత బండి కొని బాగుచేయడానికే టైముంది. పెద్ద ఇంజనుదే చేద్దాం" అన్నాడు. ఏడుస్తాడేమోనని రుమాలు తీసి పట్టుకున్న నేను దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఆగస్టులో మా ఊళ్ళో పాత బండ్ల ఊరేగింపు జరుగుతుంది. ఈసారి ఆయన ప్రేక్షకుల్లో మడత కుర్చీ వేసుకుని కాదు, స్టీరింగు వెనక కూర్చోవాలి. మాకున్నది ఒక్క చలికాలం, ఒక్క బండి పట్టే గరాజు. నేను కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోడే లారీలు బాగుచేస్తాను, ఏ బండి ఎన్ని నెలలు తింటుందో చూస్తే తెలిసిపోతుంది. తప్పు బండి తెచ్చామా, ఆగస్టులో ఆయనకి లైసెన్సు ఉంటుంది, బండి ఉండదు.

అక్టోబరు శనివారం పొద్దున్నే ఆపిల్ రసం తీసే సైడర్ మిల్లులో వేడి డోనట్లు కొనుక్కుని బయల్దేరాం. నాన్న మూడు లాగించి, పంచదార వేళ్ళతోనే డాష్‌బోర్డు మీద దరువు మొదలెట్టాడు. ఆయన కోటు జేబులో మా ఫ్రిజ్ మీది కోడిపుంజు అయస్కాంతం ఉంది. రంగుకి గీత పడకుండా దాన్ని పాత మేజోడులో దోపాడు. బండి ఒంటి మీద పెడితే నిజమైన రేకుకి అంటుకుంటుంది, లోపల లప్పం ఉంటే జారిపోతుంది.

"అది అమ్మ కోడిపుంజు. పారేశావంటే ఊరుకోను" అన్నాను.

"మీ అమ్మదే కాబట్టి తెచ్చాను. ఆవిడ మాత్రం బండ్లు కట్టలేదా ఏంటి?"

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమె పేరు డెల్ఫీన్. నాన్న కార్లకి వెనక సీట్లు బిగించే ప్లాంటులోనే జీతాల ఆఫీసులో పనిచేసేది. ఒకసారి మనుషులు చాలక ఆఫీసు వాళ్ళని లైన్లోకి దింపితే, చేతికి తొడుగులు వేసుకుని నాన్న పక్కన ఒక్క షిఫ్టు నిలబడింది. వాళ్ళ పరిచయం అలా జరిగింది. ఇక బతికినన్నాళ్ళూ అందరి దగ్గరా, "నేనూ కార్లు కట్టినదాన్నే" అనేది. నాన్న వెంటనే, "కట్టింది, సీటు కొక్కేలన్నీ తిరగేసి. వెనకాలే సరిచేసుకుంటూ నా నడుం పడిపోయింది" అనేవాడు.

మొదటి బండి డ్వెయిన్ అనే అతని షెడ్డులో ఉంది. ఎర్రగా నిగనిగలాడుతోంది. అతను తాళం తిప్పగానే షెడ్డు రేకులన్నీ గలగలమన్నాయి. నాకు నవ్వు ఆగలేదు. నాన్న అప్పటికే డ్రైవరు సీట్లో ఉన్నాడు, పెళ్ళికొడుకులా.

"ఇదేనే రొవీనా. ఇంకోటి చూడక్కర్లేదు."

"కోడిపుంజు ఏమంటుందో చూద్దాం, ఇలా ఇవ్వు."

వెనక చక్రం పైన పెట్టాను. జారి గడ్డిలో పడింది. తలుపు కింద పెట్టాను, అక్కడా పడింది.

"మేజోడు మందంగా ఉంది" అన్నాడు నాన్న.

మేజోడు తీసి పెట్టినా పడింది. డ్వెయిన్ షెడ్డు కప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంజను ఆపించి, వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాను. తల మీద అడుగు రేకు తుప్పుకి పోయి తివాచీ పీలికలే మిగిలాయి, వాటి మధ్యన చాలా తెలిసిన వస్తువొకటి కనిపించింది.

"నాన్నా, నీ ఎడమకాలి బూటు లేసు ఊడింది."

బూటు చటుక్కున పైకి పోయింది. తర్వాత నాన్న చాలా మర్యాదగా, "రేకులు కొత్తవి వేసుకోవచ్చుగా" అన్నాడు.

"వేసుకోవచ్చు. రెండు చలికాలాలు పడుతుంది."

మా దగ్గర రెండో చలికాలం లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన లేసు కట్టుకుని దిగాడు. దారిలో మూడు మైళ్ళు మొహం మాడ్చుకుని, నాలుగో మైలు దగ్గర సంచిలో చెయ్యి పెట్టి ఆఖరి డోనట్టు తీశాడు. సగం నాకిచ్చాడు కూడా, అంటే కోపం పోయినట్టే.

రెండోది బ్యూలా అనే పెద్దావిడ టర్కీ కోళ్ళ షెడ్డులో పడి ఉంది. ఉడికిన బఠాణీల రంగు. టైర్లలో గాలి లేదు, ఇంజను బిగుసుకుపోయింది, బానెట్ ఎత్తితే ఉడతలు దాచుకున్న అక్రోటు కాయలు బకెట్టుడు ఉన్నాయి. నాన్న దాన్ని వియ్యాలవారి వంట చూసినట్టు చూశాడు. కానీ అయస్కాంతం పెట్టిన చోటల్లా ఠక్కున అతుక్కుంది. తలుపుల మీద, డిక్కీ మీద, చక్రాల పైన, ఎక్కడా జారలేదు. రెండోసారి చుట్టూ తిరిగేసరికి ఆయన నడకలో గంతు వచ్చింది.

"ఇంజను నాకొదిలెయ్యి. క్రిస్‌మస్‌కల్లా తిప్పుతాను" అన్నాను. నాకూ కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

"మా ప్లాంటులో తయారైందే. అరవై తొమ్మిదో మోడల్" అన్నాడాయన, తనే కన్నట్టు.

అడుగు రేకు కూడా చూద్దామని వెనక సీటు పీకాను. స్ప్రింగుల్లో మడతపెట్టిన కాగితం ఉంది. ఏ బండికి ఏం బిగించాలో రాసిన కాగితాన్ని లైన్లో వాళ్ళు పనయ్యాక అక్కడే దోపేసేవారు. నాన్నకి చిన్న అక్షరాలు కనబడవని నేనే చదివాను.

"పెద్ద ఇంజను. ఆకుపచ్చ. తేదీ నవంబరు పదిహేను."

నాన్న రెండు చేతులూ పైకెత్తేశాడు. "మూసెయ్. పోదాం పద."

బ్యూలా తెల్లబోయింది. "ఏమైంది బాబూ?"

"జింకల వేట మొదలయ్యే రోజండీ అది. లైన్లో సగంమంది అడవిలో ఉంటారు. మిగిలినవాళ్ళు ఏది ఎక్కడ బిగిస్తారో దేవుడికే తెలియాలి. ఆ తేదీ బండి మా ప్లాంటు వాడెవడూ కొనడు. నేనూ కొనను."

ఆ మాట చిన్నప్పటినుంచీ వింటున్నాను, ఒళ్ళు మండింది. "ఆగస్టుకి తయారయ్యే బండి ఇదొక్కటే. జింకల కోసం దీన్నీ వదిలేస్తావా?"

"వదిలేస్తా."

"యాభై ఏడేళ్ళు పురుగు కూడా ముట్టని రేకు నాన్నా ఇది. అరవై ఎనిమిది నవంబరులో ఎవడు బిగిస్తేనేం?"

ఆయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. "అరవై ఎనిమిదా?"

"అరవై తొమ్మిదో మోడల్ నవంబరులో చేశారంటే అది ముందటేడే కదా. నువ్వే చెప్పావు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, సీటు తిరగేసి, కళ్ళు మూసుకుని వేళ్ళతో కొక్కేలు తడమడం మొదలుపెట్టాడు. ఒకటి సరిగ్గా ఉంది. రెండోదీ అంతే. మూడోది తిరగబడి ఉంది. నాలుగోదీ, ఐదోదీ తిరగబడే ఉన్నాయి. నాకప్పుడు వెలిగింది. మనుషులు చాలక అమ్మని లైన్లోకి దింపింది ఆ రోజే. నవ్వొచ్చింది.

"వెనకాలే అన్నీ సరిచేశానన్నావు" అన్నాను.

"ఎక్కడ చేశానే? ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాను."

కళ్ళు తుడుచుకుని, నవ్వి, మళ్ళీ తుడుచుకున్నాడు. చొక్కా చేతికి ఇంకా పంచదార ఉందేమో, కనుబొమ్మకి అంటుకుంది. బ్యూలాకేమీ అర్థం కాకపోయినా తనూ నవ్వుతోంది.

"కొంటారా మరి?" అంది.

"ఇప్పుడే ఎక్కించుకుపోతామండీ" అన్నాడు నాన్న. నావైపు తిరిగి, "బండంతా విప్పెయ్, నీ ఇష్టం. ఆ కొక్కేలు మాత్రం ముట్టుకోవద్దు."

"సీటు దారి పొడుగునా కిర్రుకిర్రుమని గొణుగుతూనే ఉంటుంది నాన్నా."

"గొణగనీ" అన్నాడు. "నాలుగేళ్ళయింది విని."