ముందు అప్పజెప్పు

ఫిబ్రవరి పదకొండో తారీఖు. ఆ పొద్దున ఆమె తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, భర్త లంచ్ డబ్బాలో పట్టక మిగిలిన సగం అరటిపండు. అవీ పొయ్యి పక్కన నిలబడే. తారీఖూ తిండీ ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం ఆ రోజు నాలుగో పీరియడు.

ఆమె హైస్కూల్లో సోషల్ టీచరు. పదో తరగతిలో ఎవరైనా మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినరు, తమ వంతు ఎప్పుడా అని చూస్తుంటారు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసేదీ అదేగా అనుకునేది. పాఠం అప్పజెప్పడం పిల్లలకి చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పగలిగినవాళ్ళు, పక్క బెంచీ వాళ్ళు అన్నది ఎందుకు అప్పజెప్పలేరని ఆమెకు తోచింది. అందుకే ఒక నియమం పెట్టింది. ఎదుటివాళ్ళ మాట ముందు అప్పజెప్పాలి. వాళ్ళు 'అవును, నేనన్నది అదే' అంటేనే జవాబు చెప్పే వంతు వస్తుంది. మూడు వారాలపాటు అది ఉత్త నవ్వులాట అయింది. ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకోవడానికి మంచి వీలు దొరికిందని పిల్లలు సంబరపడ్డారు. స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు మాత్రం, "మీ క్లాసులో చిలకలు బాగా పెరుగుతున్నాయటగా టీచర్" అని పలకరించేవాడు.

ఆ రోజు గొడవ ఆటస్థలం గురించి. సాయంత్రాలు సగం స్థలం తమకి కావాలని ఆడపిల్లలు, మ్యాచ్ దగ్గర పడిందని మగపిల్లలు. అటు అందరూ కెప్టెన్ అని పిలిచేవాడు, ఇటు లాయరమ్మ అని పేరుపడిన పిల్ల. ఆ పిల్ల చెప్పింది. కెప్టెన్ అప్పజెప్పడానికి లేచాడు.

మేం స్వార్థపరులం అంది, అన్నాడు. నేనలా అనలేదు, అంది ఆ పిల్ల. మా ఆట చూస్తే తనకి కుళ్ళు, అన్నాడు. క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల నవ్వలేదు. మూడోసారి అతను ఆ పిల్ల వైపు తిరిగాడు. తర్వాత మెల్లిగా మొదలుపెట్టాడు.

"తనకీ ఆడుకోవాలని ఉంటుందిట. మేం బంతి కొడుతుంటే లోపలికి రావడానికి భయమట. అడిగితే నవ్వుతామని ఇన్నాళ్ళూ అడగలేదట."

"అవును," అంది ఆ పిల్ల. "నేనన్నది అదే."

తర్వాత ఆ పిల్ల వంతు. అతను ఎప్పుడో మాటల మధ్యలో అనేసిన ముక్కని ఆ పిల్ల పట్టుకుంది. ఓడిపోయిన రోజు వాళ్ళ నాన్న ఇంట్లో వాడితో మాట్లాడడట, అని అప్పజెప్పింది. కెప్టెన్ తల మాత్రం ఊపాడు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

కిటికీ బయట నిలబడి ఇదంతా విన్న హెడ్మిస్ట్రెస్ ఆమెను గదికి పిలిపించింది. నాలుగు శనివారాలు వేరే స్కూళ్ళ టీచర్లకి ఇది నేర్పాలి, చేస్తావా, సాయంత్రం ఫోన్ చేస్తాను, చెప్పు అంది. చేస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇంట్లో చెప్పి..." అనేసింది, అలవాటు కొద్దీ. బస్సులో కూర్చున్నంతసేపూ తనలో తనే నవ్వుకుంది. మొదటి శనివారం ఏం చెప్పాలో టిక్కెట్టు వెనక రాసుకుంది.

ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడింది. చేతులకి పిండి. ముందు గదిలో ఫోన్ మోగింది. ఆమె చేతులు ఖాళీగా లేనప్పుడు ఆమె ఫోన్ భర్తే తీస్తాడు. ఆమె చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. లోపలికి వచ్చి, సాయం చేసినవాడిలా చెప్పాడు. "మీ మేడమ్. శనివారాలంటే నీకు కుదరదని నేనే చెప్పేశా. కాదనడానికి నువ్వు మొహమాటపడతావు కదా. రేపు ఇంకొకరికి అప్పగిస్తారట."

ఆమె పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. వాళ్ళు తినకముందు ఆమె కూర్చోవడం చూసి, పేపరు వెనకున్న మామగారు కూడా తల ఎత్తాడు. క్లాసులో జరిగింది చెప్పింది. ఆ పని తనకి ఎంత ఇష్టమో, ఆ శనివారాలు తనకి ఎంత కావాలో చెప్పింది. పదిహేడేళ్ళుగా తన తరఫున ఈ ఇంట్లో అందరూ జవాబులు చెప్పారని, తనని మాత్రం ఎవరూ అడగలేదని చెప్పింది.

"అది కాదు..." అన్నాడు భర్త.

"ముందు అప్పజెప్పండి."

"నేనేమన్నా పదో తరగతా?"

"వాళ్ళకి మూడుసార్లు పట్టింది. మీకు నాలుగిస్తాను."

అతను నవ్వాడు. ఇంటి పనితో విసుగొచ్చింది అన్నావు, అన్నాడు. కాదంది. నేను ఫోన్ తీయడం తప్పన్నావు. అది సగమే, అంది ఆమె. ఇప్పుడు నన్ను ఒప్పుకోమంటున్నావు, అంతేగా?

"మిమ్మల్ని అడగడం లేదు. వినమంటున్నాను."

అప్పుడు మామగారు పేపరు మడిచాడు. ఆమె చెప్పినదంతా, ఆ పిల్ల భయం దగ్గర్నుంచి పదిహేడేళ్ళ దాకా, ఒక్క ముక్క పోనివ్వకుండా అప్పజెప్పాడు. "అంతేనా అమ్మా?"

"అంతే మామయ్యగారూ."

"మీ అత్తయ్య పోయేదాకా నలభై ఏళ్ళు మాట్లాడింది," అన్నాడాయన. "ఇప్పుడు ఒక్కటి అప్పజెప్పమంటే నాకు రాదు."

భర్త పక్కనున్న తన ఫోన్ ఆమె తీసుకుని హెడ్మిస్ట్రెస్‌కి తనే కలిపింది. "నేనే మాట్లాడుతున్నాను మేడమ్. నాలుగు శనివారాలూ వస్తాను," అంది. అవతల నుంచి వచ్చిన నవ్వు గదంతా వినిపించింది.

భోజనాలయ్యాక ఆమె కాగితాలు ముందేసుకుంది. భర్త కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నాకు ఇంకో వంతుంది కదా," అన్నాడు. "నీకు ఆ పని ఇష్టం. నువ్వు వెళ్తున్నావు. నన్ను అడగలేదు. నేను వినాలి, అంతే."

"అవును. నేనన్నది అదే."

"అయితే ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?"

"రేపు మాట్లాడండి. వింటాను. అప్పజెప్తాను కూడా."

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఈ ఇంట్లో రాత్రి వంటింటి తలుపు వేసే పని ఆమెదే, వేసేసరికి సింకు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఇవాళ దాని నిండా గిన్నెలు. గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం వాటివంక చూసి, దీపం ఆర్పి, ఇవతలికి వచ్చి చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.