పంకా తిప్పిన భీమ్లా

జనగామలో నా ఫోటో స్టూడియోకి ఒక మంచి పేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో నన్నెవడూ పిలవడు, విమానం యాసర్ అంటారు. అననీ. ఈ ఊళ్లో ఒకడికి పావురాల పిచ్చి, ఒకడికి పేకాట పిచ్చి, ఇంకొకడికి సర్పంచ్ గిరీ పిచ్చి. వాళ్లనెవరూ ఏమీ అనరు. నాకు పాత ఫ్రెంచి విమానాల పిచ్చి ఉంటే మాత్రం లోకమంతా పళ్లికిలిస్తుంది. మా ఇంటావిడ షాహీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఇంట్ల ఉన్న బండి స్టార్ట్ గాదు, లేని విమానం ఎంబడి తిరుగుతడు" అని వచ్చినవాళ్లకల్లా చెబుతుంది.

జోడెల్ అని ఒక బుల్లి విమానం ఉండేది. ఒళ్లంతా చెక్క, దానిమీద గుడ్డ. ముందొక ఇంజను, లోపల పక్కపక్కనే రెండు సీట్లు. రెక్కల చివర్లు కొంచెం పైకి వంగి ఉంటాయి. అలాంటి పాత విమానాలు ఏ దేశంలో ఎన్ని మిగిలాయో వెతికే నాబోటి పిచ్చోళ్లు ఇంటర్నెట్లో కొందరున్నారు. మన దిక్కు వచ్చిన ఒక్కటి ఏమైపోయిందో మాత్రం వాళ్లలో ఎవరికీ తెలియదు. అది కనిపెట్టి వాళ్ల నోళ్లు మూయించాలని నాకు ఏళ్ల తరబడి కోరిక.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లేవు. తెలంగాణ కోసమని ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫోటోలు పెద్దవి చేసి ఇవ్వడమే ఆ ఏడాది నాకు పనైంది. పాస్‌పోర్టు సైజు బొమ్మ తెచ్చి, జర పెద్దగ చెయ్యన్నా, ఫ్లెక్సీకి గావాలె అనేవారు. ఆ మొహాలు చూసి చూసి నాకు అన్నం సయించడం మానేసింది. అలాంటి ఒక మధ్యాహ్నం, ఫోటో దిగడానికి వచ్చిన ముసలి లారీ డ్రైవరొకడు నా గోడ మీది విమానం బొమ్మను చూసి, "గిసొంటిది మా దొర దగ్గర ఉండె" అన్నాడు.

అతని దొర బీడీలు చుట్టే తునికాకుకు కాంట్రాక్టరు. అరవై తొమ్మిదిలో మొదటి ఉద్యమం లేచి రోడ్లన్నీ బందయినప్పుడు, అడవిలోని ఆకు కల్లాలు చూసి రావడానికి దొర ఒక పాత విమానం కొన్నాడట. బొంబాయి నుంచి వచ్చిన మేనల్లుడు దాన్ని నడిపేవాడు. నర్సింహులపేట దగ్గర ఒక తండా పక్కన చెలక చదును చేసి అక్కడ దింపేవారు. ఆ ఎండాకాలమే అది కాటారం అడవి దగ్గర పడిపోయింది. నాకు తెలిసింది ఇంతే. మర్నాడు పొద్దున్నే బండి తీశాను, ఆ రోజు అది బుద్ధిగా స్టార్టయింది.

తండాలో విమానం సంగతి ఎవరినడిగినా సోమ్లీ అనే ఆమె ఇల్లు చూపించి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సోమ్లీ వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. అరవై దాటిన మనిషి. మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి గాజులు వరసగా తొడుక్కుని ఉంది. తండాల్లో వాటిని బలియలంటారు. మొగుడున్న ఆడది వేసుకుంటుంది, మొగుడు పోతే తీసేస్తారు.

"విమానమా? ఎందుకు బిడ్డా, కొంటవా?" అంది.

"లేదవ్వా, ఎక్కడుందో చూద్దామని."

"నేను గూడ నలభై ఏండ్ల సంది చూద్దామనే కూసున్న."

ఆమె మొగుడు భీమ్లా ఆ విమానానికి కాపలా. దాని ముక్కు మీది పంకా తిప్పేది కూడా అతనే. జోడెల్‌లో తాళం తిప్పితే ఇంజను లేచే ఏర్పాటు లేదు. ఒకడు లోపల కూర్చోవాలి, ఇంకొకడు ముందు నిలబడి పంకా రెక్కను చేత్తో గట్టిగా లాగి, వెంటనే వెనక్కి దూకాలి. చెయ్యి తప్పిందంటే తలకాయ ఉండదు. "నేను సద్ది కట్టుకొని పోయి గా దుమ్ములనే నిలబడి చూసేదాన్ని. భయమయ్యేది, మంచిగ గూడ అనిపించేది" అంది సోమ్లీ.

ఆమె కడుపుతో తల్లిగారింటికి వెళ్లినప్పుడు విమానం వెళ్లింది, తిరిగి రాలేదు. భీమ్లా కూడా రాలేదు. దొరను అడిగితే, వాడు రెండు రోజుల ముందే పని వదిలిపెట్టి పోయాడన్నాడు. మహారాష్ట్రలో చాందా దిక్కు ఎవతెతోనో కనిపించాడని ఎవడో అన్నాడు. ఇంకేం, తండా మొత్తం అదే మాట పట్టుకుంది. పెళ్లిళ్లలో ఆమెను ముత్తయిదువ వరసలో కూర్చోనివ్వలేదు. విధవ అనడానికీ వీల్లేదాయె. ఆ బలియలు చూసి ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవారట.

నాకు ఒళ్లు మండింది. నోరాగక అనేశాను: "అవ్వా, ఆయన ముందే పోతే ఆ రోజు పంకా ఎవరు తిప్పారు? సరే, ఇక్కడ ఇంకెవడో తిప్పాడనుకో. కాటారంలో దిగినాక మళ్లీ లేవాలంటే అక్కడెవరు తిప్పుతారు? తిప్పేవాణ్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకునే పోవాలి కదా."

సోమ్లీ చేట కింద పెట్టింది.

"నాకు ఒక్కటే చెప్పు బిడ్డా. ఇడిసిపెట్టి పోయిండా, సచ్చిపోయిండా? ఏదైనా మంచిదే. గిట్ల నడిమిట్ల బతుకుడు ఇగ నాతోని గాదు." లోపలికి తిరిగి కొడుకును కేకేసింది. "చత్రూ, ఈ అన్నతోని పో."

చత్రు ఆటో నడుపుతాడు. తండ్రి మొహం ఎరగడు. "వాని గురించి ఎతకనీకి నేనెందుకు? మీరు పోండ్రి భాయ్" అన్నాడు. తల్లి ఊరికే వాడికేసి చూసింది. తిట్టుకుంటూ వచ్చి నా బండి వెనక కూర్చున్నాడు.

దారి పొడుగునా సమ్మెవాళ్ల వంటావార్పులే. పరకాలలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి మమ్మల్ని ఆపి, అన్నం తినిపించి గానీ వదల్లేదు. భూపాలపల్లిలో బొగ్గు బావులు కూడా బంద్. చత్రు తిన్నంతసేపూ తల ఎత్తలేదు. కాటారం చేరాక ఆ చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లను ఒక్కొక్కరినీ అడిగాం. కొందరు అసలు విమానమే పడలేదన్నారు, కొందరు రెండు పడ్డాయన్నారు. చివరికొకాయన, అడవి అంచున భూదేవి ఇంట్లో దాని ముక్క ఉందన్నాడు.

భూదేవి వాకిట్లో ఒక లేగదూడ నీళ్లు తాగుతోంది. అది తాగుతున్న తొట్టి దగ్గరికి ఉరికాను. పై రేకు కోసేసిన అల్యూమినియం టాంకీ. అంచు వెంట రివెట్లు, ఒక మూలన పెట్రోలు పోసే గుండ్రటి మెడ. దొరికింది. ఫ్రాన్సులో ఎక్కడో పుట్టి, ఇక్కడ దూడకు నీళ్లు పడుతోంది. మోకాళ్ల మీద కూలబడి దాన్ని నిమిరాను. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు.

"గా విమానంల ఇద్దరుండిరి" అంది భూదేవి. ఆమెకు డెబ్బై దాకా ఉంటాయి. "మా కల్లం కాడ దిగిండ్రు. ఆకు కట్టలు చూసుకున్నరు. ఒగాయన లోపట కూసుండు, ఇంకొగాయన పంకా తిప్పి ఉరికొచ్చి ఎక్కిండు. లేసిందో లేదో, చెట్లకు తాకి పడ్డది. నడిపెటాయన సీట్లనే పాణమిడిసిండు. పంకా తిప్పినాయనకు ఊపిరున్నది. మా ఇంటాయన కొడవలితోని సీటు పట్టీ కోసి బయటికి గుంజిండు."

చత్రు గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు.

"దొర మనుషులు జీపుల అచ్చిండ్రు. సచ్చిపోయినాయనను ఏసుకున్నరు. ఈయన బతికే ఉన్నడయ్యా, తీస్కపోండ్రి అని కాళ్లు మొక్కినం. జాగ లేదు, మళ్లస్తం అన్నరు. రాలేదు. బస్సుల్లెవ్వు, అప్పుడు గూడ గిదే లొల్లి గద. బండి కట్టి మంథని దవాఖానకు పోదమంటె, జర కదిలిస్తె నెత్తురు కారుడే. మూడు దినాలు మా ఇంట్లనే ఉన్నడు."

"ఏమైనా చెప్పాడా అవ్వా?"

"మస్తు చెప్పిండు. మాకు సమజైతేనా? ఆయన మాట ఏ మాటనో. తెలుగు వచ్చేదో లేదో, తలకు దెబ్బ తాకి మరిసిండో. మాట అర్థమైత లేదని చేతులతోని చూపెట్టెటోడు. గిట్ల."

భూదేవి కుడిచేత్తో తన ఎడమ మోచేతి పైన పట్టుకుంది. అక్కణ్నుంచి భుజం దాకా వేళ్లతో చుట్టూ చుట్టూ చూపించింది. "చెయ్యి ఇరిగిందేమో అనుకున్నం. ఆకు నూరి పెట్టి, బద్దలేసి కట్టు కట్టినం. కట్టు పీకి పారేసి మళ్ల గట్లనే చూపెట్టిండు. ఎనుకంగ కడుపు మీద చెయ్యి పెట్టుకొని గుండ్రంగ తిప్పెటోడు. ఆకలైతాందనుకొని గంజి వోసినం. తాగకపోయేది. మల్ల గా దండచెయ్యి, గా కడుపు. సచ్చెదాక అదే చూపెట్టిండు బిడ్డా. మాకైతె తెలియకపాయె."

నాకు తెలిసింది. చత్రుకు నాకంటే ముందే తెలిసింది. బలియలు తొడుక్కున్న పెళ్లాం ఉందని, ఆమె కడుపుతో ఉందని చెప్పాడు ఆ మనిషి. ఈ తల్లి గంజి పోసింది. ఆ దిక్కున తండాల్లేవు, ఆమె ఆనాటికి బలియలు చూసి ఎరగదు. ఆమెను ఏమని అనాలి?

చత్రు తల ఎత్తి అడిగాడు. "గంజి అసలే తాగలేదా?"

"ఆఖరి దినం నా మొకం చూసి ఒక గుక్క తాగిండు. నేను బాధపడుతున్ననని తాగిండనుకుంట."

ఆయన్ను పూడ్చిన చోట, పొలం గట్టు మీద రాళ్ల కుప్ప చూపించింది. నాగలి పడకుండా అన్నేళ్లూ కాపాడారు. పేరు తెలియదు కాబట్టి, ఏటా పెత్రామాసనాడు తమ పెద్దలతో పాటు పంకాయన అని ఒక ముద్ద తీసి పెడతారట. చత్రు ఆ రాళ్ల మీద పడి, "బా, బా" అని ఏడ్చాడు. వాళ్ల భాషలో నాయినా అని. దారంతా వాడు, వీడు అన్న నోరే అది. భూదేవి నాతో, టాంకీ తీసుకపో బిడ్డా అంది. నాకు చేతులు రాలేదు. మెడలో కెమెరా ఉండి ఒక్క ఫోటో కూడా తీయలేదు.

తండా పొలిమేరలో చత్రు బండి దిగిపోయాడు. "నా నోటితోని చెప్పలేను భాయ్. నువ్వే చెప్పు" అన్నాడు. తిరగమని నాకెవరు చెప్పారు, ఈ పని నా నెత్తిన ఎందుకు పడింది అనుకుంటూ సోమ్లీ ముందు కూర్చున్నాను. ఏదీ దాచలేదు. దండచెయ్యి చూపించిన సంగతి చెబుతుండగానే ఆమె కళ్లు మూసుకుంది. కడుపు సంగతి చెప్పేసరికి చుట్టూ చేరిన ఆడవాళ్లు, ఇన్నాళ్లూ మూతులు తిప్పినవాళ్లే, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె బలియలు తీయడానికి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. సోమ్లీ ఆ చేతిని పక్కకు నెట్టింది.

"కాల్చిండ్రా, పూడ్చిండ్రా?" అని నన్ను అడిగింది. వాళ్లలో పెళ్లయినవాణ్ని దహనం చేస్తారు.

"పూడ్చారవ్వా. వాళ్లకు తెలియదు."

"వాళ్లనేమంట బిడ్డా. గంజి వోసిండ్రు." "నేనేం జేసినో ఎర్కేనా? దినాం తిట్టిన. పొయ్యి అంటుకోకపోతె ఆయన్నే తిట్టిన, వాన వడకపోతె ఆయన్నే తిట్టిన. పోరడు ఆకలని ఏడుస్తె, నీ అయ్య నోట్ల మన్ను వడ అని తిట్టిన. పొద్దున తిట్టిన, మాపున తిట్టిన. అప్పటికే ఆయన నోట్ల మన్నే ఉండె గద బిడ్డా."

చత్రు ఎప్పుడొచ్చాడో, గుంపులోంచి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.