ఎదురు వంపు

నేను ఒక మూతను. పల్లెలకు టీకా మందులు మోసుకెళ్లే చల్లని పెట్టె కోసం జీడిమెట్లలోని ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. కరిగిన ప్లాస్టిక్‌గా ఉన్నప్పుడు నాకు ఏ ఆకారమూ లేదు. వెచ్చని చీకట్లో, కలలోకి జారినట్టు అచ్చులోకి జారాను. బయటికొచ్చి చల్లారుతుంటే నా నాలుగు మూలలూ మెల్లగా పైకి లేచాయి. ఆపుకోవడం నా వల్ల కాలేదు.

పెట్టెమీద పెడితే సందుల్లోంచి చల్లదనం జారిపోయింది. అలా వెళ్తే మందులు దారిలోనే పాడవుతాయి.

వంకర కనబడితే మనుషులు ముందు ఎవరి తప్పో వెతుకుతారు. అచ్చు చెక్కిన ఖాదర్ వలీ తప్పు తనదే అనుకుని ఆ పూట అన్నం ముట్టలేదు. డిజైన్లు గీసే హేమనళిని మాత్రం నా ప్రతి వంపునూ కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తెరమీద నన్ను నేను చూసుకున్నాను. లేచిన చోట ఎరుపు, కుంగిన చోట నీలం, సాయంకాలపు మబ్బులా తేలుతున్నాను.

"నీ పనిల తప్పు లేదు చాచా," అందామె. "చల్లారేటప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటది. ఇది పైకి ఎంత లేస్తదో, అచ్చును కిందికి అంత వంపుతోటి కోద్దాం."

"సీదా ఉన్న అచ్చును నా చేతులతోటే వంకర చెయ్యమంటవా బిడ్డా? ఒక్కసారి కోసినంక ఉక్కు మళ్ల రాదు."

"తెలుసు చాచా. అందుకే నాకూ భయమైతున్నది."

వలీ తెరమీది ఎరుపునూ నీలాన్నీ వేలితో తడిమి చూశాడు. తర్వాత అచ్చును కోత యంత్రం మీదికి ఎక్కించాడు.

తిరిగి కోసిన అచ్చులోంచి వచ్చిన మొదటి మూత మూలలు కిందికి వాలి ఉన్నాయి. వలీ ముఖం వాడిపోయింది.

"చూసినవా, ఇదీ వంకరే."

"ఆగు చాచా, చల్లారనీ."

ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. నిద్రలో ఒత్తిగిలే పసిబిడ్డలా ఆ మూత మెల్లగా కదిలింది. మూలలు లేచాయి, లేచి సమంగా ఆగిపోయాయి. వలీ దాన్ని పెట్టెమీద పెట్టి అంచుల్లోకి కాగితం దూర్చబోయాడు. దూరలేదు. అతను అక్కడే స్టూలు మీద కూలబడి, "టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టిన్నో," అన్నాడు. హేమనళిని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆ అచ్చులో పుట్టిన మూతలన్నీ ఏవేవో ఊళ్లకు వెళ్లిపోయాయి. నన్ను ముక్కలు చేసి మళ్లీ కరిగించడానికి వలీ చెయ్యి చాపితే, ఆమె వద్దంది. నా గుంటలో నీళ్లు పోసి కిటికీ గట్టుమీద పెట్టింది. పిచ్చుకలు నా అంచుమీద వాలి తాగిపోతుంటాయి. వేసవి మధ్యాహ్నాల్లో ఎండకు ఇంకొంచెం వంగుతుంటాను. ఇప్పుడు ఎవరూ కొలవరు.