పది అక్షరాల పేరు

నేను ఒక పోస్టరు టైపును. టేకు కొయ్యలో చెక్కిన రెండు వందల తొంభై అక్షరాలు కలిపి నేను ఒకణ్ణి. నా గీతలు కడుపులో లావు, మలుపులో సన్నం. తలకట్టు ఉలి మొనలా తేలుతుంది. నాతో పేరా కూరిస్తే ఎవరూ చదవలేరు. నన్ను చెక్కింది వీధి అవతలికి కనపడటానికి. సర్కసు వచ్చినా, మనిషి పోయినా, ఎన్నికలు పడినా అనంతపురం జిల్లాలోని ఆ ప్రెస్సులో నన్నే దించేవారు.

నన్ను కూర్చేది మస్తానయ్య. ఇరవై రెండేళ్లుగా అదే పని. చూడకుండా పెట్టెలో చెయ్యి పెట్టి కావలసిన అక్షరం తీసేవాడు.

ఆ ఏడు సమితి ఎన్నికల్లో ఓబన్న, వెంకటరామసుబ్బారాయుడు నిలబడ్డారు. ఇద్దరి పోస్టర్లూ మా దగ్గరే. నా అక్షరం వెడల్పు మూడున్నర అంగుళాలు. కాగితం ముప్పై. ఓబన్న పట్టాడు. రెండో ఆయన పట్టలేదు. మస్తానయ్య ఆయన పేరును పక్క పెట్టెలోని సన్న టైపుతో వేశాడు.

రెండు పోస్టర్లూ బస్టాండు గోడ మీద పక్కపక్కన పడ్డాయి. మరుసటి పొద్దున సుబ్బారాయుడి మనిషి కంబగిరి ముగ్గురితో వచ్చాడు.

“ఏమిరా, ఓబన్న పేరు బస్సులోంచి కనపడాల, మా అన్నది భూతద్దం పెట్టుకోని చూడాల్నా?”

“ఆయనవి మూడక్షరాలన్నా, మీ అన్నవి పది. రెండు వరసల్లో ఏస్తానంటి. ఎన్నికల ముందర పేరు విరగ్గొడితే అరిష్టమని నువ్వే అంటివి.”

“నాకే ఎదురు చెప్తావా?”

ఇద్దరు మస్తానయ్య రెక్కలు పట్టుకున్నారు. మూడోవాడు కుడిచెయ్యి రాతిబల్ల మీద పరిచాడు. కంబగిరి నా పెట్టెలోంచి ఒక ‘మ’ తీసి, వేళ్ల మీద పెట్టి, కొయ్యసుత్తితో కొట్టాడు. మొదటి దెబ్బకు చూపుడువేలు విరిగింది. రెండో దెబ్బకు నడిమివేలు. మూడో దెబ్బకు నా తలకట్టు. నెత్తురు కొయ్యలోకి సిరా కన్నా తొందరగా ఇంకుతుందని అప్పుడు తెలిసింది.

సుబ్బారాయుడు గెలిచాడు. పన్నెండో రోజు రైల్వే గేటు దగ్గర ఆయన జీపు మీద నాటుబాంబులు పడ్డాయి. కాలు ఒకచోట, మనిషి ఒకచోట దొరికారు. మధ్యాహ్నానికి కంబగిరి శ్రద్ధాంజలి పోస్టరు కోసం వచ్చాడు. చొక్కా మీద అన్న నెత్తురు ఎండి ఉంది.

“సన్నగా ఏసినా పర్వాలేదు. తొందరగా గావాల.”

“లేదన్నా, లావుదే ఏస్తా,” అన్నాడు మస్తానయ్య. “ఇప్పుడు పేరు విరగ్గొట్టొచ్చు గదా?”



మస్తానయ్య ఎడమచేత్తో మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ పెట్టెలోకి వంగి చూడాల్సి వచ్చింది. ‘మ’ దగ్గర ఆగాడు. మూడున్నాయి, రెండు బాగానే ఉన్నాయి. విరిగినదాన్ని ఏరి కూర్చాడు. ఊళ్లో ప్రతి గోడ మీదా చచ్చినాయన పేరులో ఒక తెల్లటి గాటు పడింది. అది ఎక్కడిదో కంబగిరికి తెలుసు.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో గాజు బీరువాలో ఉన్నాను. ‘పాత శైలి, లావు అక్షరం, పోస్టర్లకు వాడేవారు’ అని చీటీ పెట్టారు. ‘మ’ కింద ఇంకో చీటీ ఉంది: ‘వాడకంలో విరిగింది.’

అందులో అబద్ధమేమీ లేదు.